కళ్లజోడు మీద మెరుపు: తీసేటప్పుడే తప్పించాలా, తర్వాత చెరపాలా?

మా నాన్నగారి షష్టిపూర్తికి మంచి ఫోటో ఒకటి తీసి ఫ్రేమ్ కట్టించాలనుకున్నాం. బెంగళూరు మారతహళ్లిలో మేముండే ఫ్లాట్‌కి ఒకవైపంతా బాల్కనీ అద్దాలే. అంత వెలుతురు ఇంట్లోనే ఉంది కదా అని, ఆయన్ని దానికెదురుగా కూర్చోబెట్టి ముప్పై ఫోటోలు తీశాను. కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే కళ్లున్న చోట రెండు తెల్లటి కిటికీలు. అమ్మ చూసి, "అంతా బాగుంది గానీ, మీ నాన్న కళ్లేవిరా?" అంది. అప్పటి నుంచి ఈ మెరుపును పోగొట్టే దారులన్నీ ఒక్కొక్కటీ చేసి చూస్తూ వచ్చాను.

అందరూ మొదట చెప్పేది కళ్లజోడు తీసేయమని. నాకిది అస్సలు నచ్చదు. నలభై ఏళ్లుగా జోడు పెట్టుకున్న మనిషి అది తీస్తే వేరే మనిషిలా కనిపిస్తాడు. ముక్కు మీద గుంటలు, ఎదురుగా ఉన్నది సరిగ్గా కనిపించక చిట్లించిన కళ్లు. తీయక తప్పని చోట్లూ ఉన్నాయి: అమెరికా వీసా ఫోటోకి 2016 నవంబరు 1 నుంచి కళ్లజోడు పనికిరాదు. ఇంట్లో గోడకి పెట్టుకునే ఫోటోకి ఆ నిబంధన ఎందుకు? అద్దాలు తీసిన ఖాళీ ఫ్రేమ్ పెట్టడం దీనికంటే నయం. అర, ముప్పావు పవర్ ఉన్నవాళ్లకి తేడా తెలియదు కూడా.

మిగిలినవాటిలో నా ఓటు వెలుగుని జరపడానికే. కళ్లజోడు కూడా ఒక అద్దమే, ఏ కోణంలో వెలుగు పడితే అదే కోణంలో అవతలికి తిప్పి కొడుతుంది. ఆ అవతలి వైపు కెమెరా ఉంటేనే మనకి మెరుపు కనిపిస్తుంది. అద్దం ఒక డిగ్రీ వంగితే ప్రతిబింబం రెండు డిగ్రీలు పక్కకి పోతుంది. అందుకే చిన్న కదలికకే పెద్ద ఫలితం. కళ్లజోడు కాడల్ని చెవుల మీద నుంచి ఒక సెంటీమీటరు పైకి ఎత్తి చూడండి. అద్దాలు ఐదారు డిగ్రీలు కిందికి వంగుతాయి, మెరుపు పది డిగ్రీలకు పైగా జరుగుతుంది. ముందు నుంచి చూసేవాళ్లకి కాడలు లేచినట్టే తెలియదు. గడ్డం కొంచెం దించమన్నా ఇదే పని జరుగుతుంది గానీ, ఎక్కువ దించితే ఫ్రేమ్ పైఅంచు కళ్లకి అడ్డం వస్తుంది, పెద్దవాళ్లకి గడ్డం కింద మడతలు పడతాయి. నేను కాడలే ఎత్తుతాను.

లైటు వాడుతుంటే దాన్ని మనిషి తల కంటే బాగా పైకి, ఒక పక్కకి జరపండి. సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు బిగించే తెల్లటి గుడ్డ పెట్టె) పెద్దదైతే ముఖం మీద వెలుగు మెత్తగా పడుతుంది, నిజమే, కానీ అంత పెద్ద తెల్లటి చతురస్రాన్ని అద్దాల్లో నుంచి తప్పించడం కష్టం. కిటికీ వెలుగైతే మనిషినే తిప్పాలి. నాన్నగారిని రెండోసారి బాల్కనీకి పక్కవాటుగా కూర్చోబెట్టి, నా వెనక తలుపుకి ముదురు రంగు దుప్పటి వేలాడదీశాను. ముఖం నా వైపే ఉంది కాబట్టి అద్దాల్లో పడేది నా వెనక ఉన్నదే. అక్కడ చీకటి ఉంటే అద్దాల్లోనూ చీకటే. ఆ రోజు నేను నల్ల చొక్కా వేసుకున్నదీ అందుకే.

కళ్లజోడు రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. ఏ కోటింగూ లేని మామూలు ప్లాస్టిక్ అద్దం ఒక్కో వైపు నుంచి సుమారు 4 శాతం వెలుగుని తిప్పి కొడుతుంది. ఎక్కువ పవర్‌కి ఇచ్చే పల్చటి 1.67 రకం (ఈ అంకె అద్దం వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే కొలత) అద్దానికి కోటింగ్ లేకపోతే అది 6 శాతం దాకా ఉంటుంది. మంచి యాంటీ గ్లేర్ కోటింగ్ ఉంటే 1 శాతం లోపే, మిగిలేది లేత ఆకుపచ్చ ఛాయ. కాబట్టి ఫోటో ఉందనగా కొత్త జోడు చేయించుకునేవాళ్లు ఈ ఒక్క ఖర్చు దగ్గర వెనకాడొద్దు. ఎండకి నల్లబడే అద్దాలైతే బయటి నుంచి వచ్చాక పది నిమిషాలు ఆగి తీయండి.

పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించి, తిప్పుతూ ప్రతిబింబాల్ని తగ్గించే అద్దం) గురించి చాలామంది ఆశగా అడుగుతారు. చెరువు నీళ్ల మీద, షాపు అద్దాల మీద అది బాగా పనిచేసేది వాలుగా చూసినప్పుడు. మామూలు అద్దానికి ఆ కోణం, అద్దానికి నిటారుగా ఉండే గీత నుంచి కొలిస్తే, 56 డిగ్రీల దగ్గర. పోర్ట్రెయిట్‌లో మనిషి మనకి ఎదురుగా ఉంటాడు. అక్కడ ఫిల్టర్ ఎంత తిప్పినా మెరుపు దాదాపు అలాగే ఉంటుంది, పైగా సగానికి మించి వెలుగుని అదే మింగేస్తుంది. ఈ పని కోసమే అయితే కొనకండి.

ఇక రెండు ఫోటోలు కలిపే పద్ధతి. జోడుతో ఒకటి, కదలకుండా జోడు తీసి ఇంకొకటి తీసి, ఫోటోషాప్‌లో రెండో దాని కళ్లని మొదటి దానిలోకి తెచ్చి మాస్క్ చేయడం, అంటే కావాల్సిన ముక్కే కనిపించేలా మిగతాది దాచడం. తక్కువ పవర్‌కి ఇది శుభ్రంగా కుదురుతుంది. మైనస్ ఐదు, ఆరు ఉన్నవాళ్ల దగ్గరే తంటా. వాళ్ల అద్దంలో నుంచి కళ్లు చిన్నవిగా కనిపిస్తాయి, చెంప అంచు కూడా లోపలికి విరిగినట్టు ఉంటుంది. జోడు లేని ఫోటోలో కళ్లు అసలు సైజులో ఉంటాయి. అతికిస్తే ఏదో తేడాగా ఉందని ఇంట్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు. దీనికి నేను చేసేది వేరు: జోడు తీయించను, లైటుని మాత్రం రెండో పక్కకి మార్చి ఇంకో ఫోటో తీస్తాను. మెరుపు అద్దంలో వేరే చోటికి పోతుంది, పవర్ వల్ల వచ్చే వంకర రెండిటిలోనూ ఒకటే. ఒకదానిలో పోయిన భాగం ఇంకోదానిలో దొరుకుతుంది. నీడలు మారతాయి కాబట్టి కంటి చుట్టూ ఉన్న చిన్న ముక్క వరకే తీసుకోవాలి.

ఏఐ సంగతికొస్తే, మెరుపు కంటి పక్కన చర్మం మీదో, రెప్ప అంచు మీదో ఉంటే ఒక్క నిమిషంలో తీసేస్తుంది. నేనూ వాడతాను. కనుపాప మీదే మెరుపు ఉంటే మాత్రం అక్కడ కెమెరాకి అందిన సమాచారమే లేదు, ఏఐ పెట్టేది ఊహించిన కన్ను. మా మేనత్త ఫోటోని ఒక స్టూడియోలో ఇలాగే బాగుచేయించాం. కళ్లు చక్కగా వచ్చాయి గానీ అవి అత్తవి కావు. ఆమెకి ఎడమ కన్ను రెప్ప కొంచెం వాలి ఉంటుంది, అది పోయింది. ఆ ప్రింటు ఎవరికీ ఇవ్వలేకపోయాం. పాత ఫోటో ఒక్కటే మిగిలి, మనిషి మళ్లీ కూర్చునే వీలు లేనప్పుడు నేను కనుపాప జోలికే పోను. మెరుపు ప్రకాశాన్ని కొంత తగ్గించి, కింద ఏ కొంచెం కనిపిస్తే అంతటితో ఆపుతాను.

వచ్చే నెల వైట్‌ఫీల్డ్‌లో మా బాబాయి గృహప్రవేశం. గ్రూప్ ఫోటోలో తొమ్మిది కళ్లజోళ్లు ఉంటాయి, ఒక్కొక్కరి కాడలూ ఎత్తుతూ కూర్చోవడం కుదరదు. హాల్లో ట్యూబ్‌లైట్లు ఆర్పేయించి, వెలుగుని పక్క కిటికీ నుంచి రానిచ్చి, అందరినీ తలలు కొద్దికొద్దిగా తిప్పమంటూ వరుసగా ఇరవై ఫోటోలు తీస్తానని బాబాయికి చెప్పాను. పంతులుగారికి కూడా ముందే చెప్పి ఫోటోల కోసం పది నిమిషాలు అట్టేపెట్టమన్నాను.