పాత కత్తి, నకలు, మ్యూజియం: ఏది మేలు?

కత్తుల మీద మోజు పడ్డ తిరుపతి కుర్రాళ్లు ముందు వెతికేది 'ఒరిజినల్' కోసమే. డబ్బులున్నా సరే, మొదట కొనేది పాత కత్తి కాకూడదంటాను.

ధర సంగతి తర్వాత, అసలుదో కాదో గుర్తుపట్టడమే కష్టం. కొత్త అలుగుకు (కత్తిలో కోసే భాగానికి) యాసిడ్ పట్టించి 'రాయల కాలంది' అని అంటగట్టేవాళ్లున్నారు. నిజమైన మూస ఉక్కు (మూసలో కరిగించి చేసే పాతకాలపు ఉక్కు) మీద కనిపించే అలల గీతలు లోహంలోనే ఉంటాయి. నిజామాబాద్ వైపు కోనసముద్రానికి పర్షియా వర్తకులు వచ్చింది ఈ ఉక్కు కోసమే. నకిలీ కత్తి మీద ఆ అలలు పైపై గీతలే, ఫొటోలో తేడా తెలియదు. పైగా వందేళ్లు దాటిన కత్తికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది: దేశం దాటించకూడదు, అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. ఆ మాట ఎత్తగానే నసిగితే లేచి వచ్చేయండి. ఒకవేళ కొన్నా, ఇత్తడి చెంబులా చింతపండేసి తోమకండి, పులుపు ఉక్కును తినేస్తుంది.

గోడకు తగిలించే షో కత్తి గురించి చెప్పడానికేం లేదు. పిడి లోపల సన్నటి బోల్టు వెల్డింగ్ చేసి ఉంటుంది, ఊపితే ఊడుతుంది.

మంచి నకలు వేరు. డెహ్రాడూన్‌లో విదేశాలకు కూడా చేసి పంపుతారు. యూరప్ మధ్యయుగపు ఒంటిచేతి కత్తి బరువు కిలో, కిలోన్నర లోపే. సినిమాలు చూసి పది కిలోలనుకుంటాం! మన తల్వార్ పిడి ఇరుకు, చివర బిళ్ల మణికట్టుకు తగులుతుంది. అందుకే పొడవడం కన్నా లాగి కోయడానికే వీలు. చేత్తో పట్టుకుంటే తప్ప ఇది అర్థం కాదు. పదును లేనిదే తీసుకోండి. 9 అంగుళాలు దాటిన అలుగు ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ముందే అడగడం మంచిది.

చూడ్డానికైతే చంద్రగిరి రాజమహల్ దగ్గరే, కానీ అక్కడ ముఖ్యంగా శిల్పాలు. కత్తుల కోసం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికే వెళ్లాలి, శుక్రవారం తప్ప. తంజావూరు ఆయుధశాల నుంచి వచ్చిన కటార్లు (పిడికిట్లో అడ్డంగా పట్టుకుని పొడిచే బాకులు) అక్కడున్నాయి. ఈ రకం కటార్లలో చేతి వెనుక తెరచాపలా కప్పే రేకు, కొన్నిటికి యూరప్ అలుగు. అద్దం అడ్డమే, ముట్టుకోలేం. నా ఓటు మాత్రం ముందు ఎగ్మూరుకే, ఆ తర్వాత నకలుకు.

కవచానికైతే మ్యూజియమే గతి. చవక నకళ్లలో ఇనుప రింగుల కొసలు ఊరికే ఆనించి వదిలేస్తారు, పాతవాటిలో ఎక్కువగా రివెట్లు కొట్టేవారు. యూరప్ నిండు కవచమైతే ఇరవై కిలోల పైమాటే కావచ్చు. తిరుపతి మే నెలలో అది తొడుక్కునే సరదా నాకైతే లేదు.