100 మి.మీ. మాక్రో లెన్స్: పురుగుని దాని మానాన ఉండనిచ్చే దూరం

చిన్న చిన్న వాటిని దగ్గరనుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ గురించి ఎవరు రాసినా షార్ప్‌నెస్ దగ్గరే మొదలుపెడతారు. ఇప్పుడొస్తున్న మాక్రో లెన్సుల్లో షార్ప్‌గా లేనిది దొరకడమే కష్టం కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నాను. ఏళ్ల తరబడి ఈ 100 మి.మీ. లెన్సుతో గొంగళిపురుగుల్నీ, చీమల్నీ, సాలీళ్లనీ తీస్తున్నాను. ఇంతకాలం వాడాక దీని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క విషయానిదే: పురుగుకీ లెన్సుకీ మధ్య ఇది మిగిల్చే ఖాళీ.

అంతకుముందు నా దగ్గర 60 మి.మీ. మాక్రో ఉండేది. అదీ 1:1 వరకు, అంటే పురుగు కెమెరా సెన్సార్ మీద తన అసలు సైజులోనే పడేంత వరకు, వెళ్లేదే. కానీ అంత పెద్దగా తీయాలంటే లెన్స్ అంచు పురుగుకి 10 సెం.మీ. కంటే దగ్గరికి పోవాలి. ఆ దూరంలో లెన్స్ నీడ పురుగు మీద పడుతుంది, మన ఊపిరి తగులుతుంది, పక్కన ఏ రెమ్మకో హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి తొడుగు) తగిలితే ఆకు మొత్తం ఊగిపోతుంది. నిమ్మ ఆకులు తినే సీతాకోకచిలుక గొంగళిపురుగైతే ఇక చెప్పక్కర్లేదు. తల వెనక చర్మం లోపల దాచుకున్న, రెండు కొమ్ముల్లా చీలిన మెత్తటి అవయవాన్ని ఒక్కసారిగా బయటికి తీస్తుంది. దాన్ని ఆస్మెటీరియం అంటారు. ఘాటైన వాసన వస్తుంది. ఫోటో అందంగానే ఉంటుంది, కాకపోతే అందులో ఉన్నది బెదిరిపోయిన పురుగు. నాకు కావలసింది హాయిగా మేస్తున్న పురుగు.

ఈ లెన్సుతో 1:1లో కూడా ముందు 13, 14 సెం.మీ. ఖాళీ ఉంటుంది. పెరిగింది కొద్ది సెంటీమీటర్లే అయినా పురుగు ప్రవర్తనలో తేడా మాత్రం చాలా ఉంది. గొంగళిపురుగు ఆకు అంచుని ఎలా తింటుందో నాకు సరిగ్గా కనబడింది దీనితోనే. తల బాగా ముందుకి చాచి పైనుంచి మొదలుపెడుతుంది, వరసగా కొరుక్కుంటూ కాళ్ల దగ్గరికి వస్తుంది, మళ్లీ తలెత్తి మొదటి చోటికే వెళుతుంది. తలెత్తాక, మళ్లీ కొరకబోయే ముందు, ఒక్క క్షణం ఆగుతుంది. ఫోకస్ ఆ చోట పెట్టుకుని కూర్చుంటే తల దానంతట అదే ఫోకస్‌లోకి వస్తుంది. పెద్ద సెన్సార్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్ 8తో (లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం కొలత అది) తీస్తే స్పష్టంగా వచ్చే లోతు ఇంచుమించు 1 మి.మీ. మాత్రమే. అలాంటప్పుడు తల వెంట లెన్స్‌ని తిప్పుతూ పోవడం కంటే అది ఎక్కడికి రాబోతోందో తెలిసి ఉండటమే మేలు.

ఈ దూరం విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఒక చీమ వల్ల. బాగా ఎదిగిన ఆకుపచ్చ పురుగు ఒకటి మేస్తుంటే తీస్తున్నాను. కొమ్మ మీదుగా చీమ ఒకటి వచ్చింది. 60 మి.మీ. లెన్స్ అయితే అది నడిచొచ్చిన దారిలోనే హుడ్ ఉండేది. ఇక్కడ దారి ఖాళీగా ఉంది. నేరుగా వచ్చి పురుగు వెనక కాళ్ల దగ్గర మీసాలతో తడిమింది. పురుగు మేత ఆపింది. చీమ పక్కగా పైకి ఎక్కబోయింది. అంతే, పురుగు ముందు భాగమంతా పైకి లేపి, ఒళ్లు వెనక్కి వంచి, నారింజ రంగు కొమ్ములు బయటికి తీసి సరిగ్గా చీమ వైపు తిప్పింది. నేను చేసిందల్లా ఒళ్లు కొద్దిగా వెనక్కి వాల్చి ఫోకస్‌ని కొమ్ముల మీదికి తేవడమే. ఫ్లాష్ 1/16 పవర్‌లో ఉంది కాబట్టి వెంటవెంటనే వెలిగింది. చీమ వెనక్కి తగ్గడం, కొమ్ముల మీద తడి మెరుపు, ఆ తర్వాత చొక్కా చేతిని లోపలికి లాక్కున్నట్టు అవి మడతపడి తల వెనక్కి వెళ్లిపోవడం, అన్నీ వరసగా వచ్చాయి. అంతకంటే నాకు నచ్చింది ఏమిటంటే, చీమ వెళ్లగానే పురుగు మళ్లీ తలెత్తి ఆకు అంచు అందుకుంది. లెన్స్ ఎక్కడున్నది అక్కడే ఉంది, దాని సంగతి పురుగుకి పట్టలేదు. కొమ్ములు బయటపెట్టింది నన్ను చూసి కాదన్న నమ్మకంతో నేను చూసుకునే ఫోటోలు అవే.

అయితే ఈ దూరాన్ని లెన్స్ మీద అచ్చువేసిన అంకెతో కలపకండి. అక్కడ 30 సెం.మీ. అని ఉంటుంది. అది కెమెరా లోపలి సెన్సార్ నుంచి కొలిచిన లెక్క. కెమెరా, లెన్స్ పొడవు పోగా మిగిలేదే పురుగుకి దక్కేది. హుడ్ తగిలిస్తే అందులోనూ కొంత పోతుంది. నేను హుడ్ వాడటం మానేశాను.

చేతి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ గురించి కొత్తలో అడిగినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. పువ్వులకీ, ఆకు మీద గుడ్లకీ, కాస్త దూరంనుంచి తీసేవాటికీ అది బాగానే పనికొస్తుంది. 1:1కి దగ్గరవుతున్నకొద్దీ దాని సాయం తగ్గుతుంది. మనం ముందుకీ వెనక్కీ ఊగడాన్నీ, పురుగు కదలికనీ అది ఆపలేదు. తల కదులుతున్న పురుగు స్పష్టంగా వస్తోందంటే ఆ పుణ్యం ఫ్లాష్‌ది. తక్కువ పవర్‌లో దాని వెలుగు సెకనులో వెయ్యో వంతు కంటే కూడా తక్కువ సేపే ఉంటుంది. దాని ముందు వెలుగుని మెత్తబరిచే మంచి డిఫ్యూజర్ ఉండాలి, లేకపోతే పురుగు నున్నటి తల మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఆటోఫోకస్ 1:1 దగ్గర ముందుకీ వెనక్కీ తచ్చాడుతూనే ఉంటుంది కాబట్టి నేను ఫోకస్ రింగుని కదపకుండా ఒళ్లే కదుపుతాను.

గెంతే సాలీళ్లకి ఈ దూరం ఒక లెక్క కాదు. కెమెరా వైపు తిరిగి ముందున్న రెండు పెద్ద కళ్లతో చూస్తాయి, నచ్చితే లెన్స్ మీదికే దూకుతాయి. నాకు వాటిని తీయడం ఇష్టమే గానీ వాటి కోసమే అయితే ఈ లెన్స్ కావాలని చెప్పను.

నేను ట్రైపాడ్ లేకుండా, మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కువగా ఆకుల మధ్య మేసే పురుగుల్నే తీస్తాను. అలా తీసేవాళ్లకి దీన్ని ధైర్యంగా చెబుతాను. ఫ్లాష్, డిఫ్యూజర్ కలిపితే ముందువైపు బరువెక్కుతుంది, గంట గడిచేసరికి నా మణికట్టు లాగుతుంది. చేతులు నొప్పి పుట్టేవాళ్లు ఒకసారి ఆ సరంజామాతో పట్టుకుని చూశాకే నిర్ణయించుకోండి. ఎక్కువగా పువ్వులూ, కదలనివీ తీసేవాళ్లకి 60 మి.మీ. సరిపోతుంది, తేలిక కూడా. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగులు కావాలంటే 1:1 చాలదు. దీని ముందు ఇంకా పెద్దగా చూపించే క్లోజప్ లెన్స్ తగిలించుకోవాలి, అప్పుడు నేను ఇంతసేపూ చెప్పిన దూరంలో కొంత వదులుకోవాల్సిందే.