గంట లెక్కా, బస్తా లెక్కా? అద్దె కొర్ర మిషను మీద నా మాట

మాది అనంతపురం జిల్లా, బెళుగుప్ప వైపు. ఎర్రనేల, బోరు లేదు. ఈసారి కొర్ర నూర్పిడికి పక్క ఊరి నుంచి ట్రాక్టరుకు తగిలించే మిషను ఒకటి అద్దెకు పిలిపించాను. ఎట్లుంది, పిలవచ్చా అని కనపడినోళ్లంతా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

పంట సంగతి చెప్పకుండా మిషను సంగతి చెబితే అర్థం కాదు. జూలైలో పదును దొరికింది, విత్తనం వేశాం. ఆగస్టంతా బెట్ట. పైరు మోకాలెత్తు కూడా రాకుండానే వెన్ను తీసింది. సెప్టెంబరులో వాన పడేసరికి అదే దుబ్బుకు కొత్త పిలకలు లేచి, అవీ వెన్నులు వేశాయి. కోతనాటికి ఒకే దుబ్బులో ఒక కంకి ఎండి రాలుతోంది, ఇంకోటి పాలు పట్టే దశలో ఉంది. గెనిమ పక్క పల్లంలో ఒక తీరు, మిట్టన ఇంకో తీరు. వానలు సరిగా పడిన ఏడు ఏ మిషనైనా బాగానే నూరుస్తుంది. ఇట్లాంటి పంట పెట్టి చూస్తేనే దాని పస బయటపడేది.

ఇక అద్దె. మా చుట్టుపక్కల మిషన్లన్నీ గంట లెక్కే, గంటకు 1,400. నేను పిలిచిన మిషనతనొక్కడే బస్తా లెక్క, బస్తాకు 180. పైకి చూస్తే ఇతనిదే ఎక్కువ. పండిన ఏడు గంటకు పది బస్తాలు దిగుతాయి కాబట్టి గంట లెక్కలో బస్తాకు 140 పడుతుంది. కరువు పంటకు గంటకు నాలుగు దిగితే గొప్ప. డ్రమ్ము తిరగడం తిరుగుతుంది, డీజిలు కాలడం కాలుతుంది, గింజే లేదు. ఇప్పుడు అదే 1,400ను నాలుగుతో భాగించుకోండి, 350. నాకు 2023లో ఇదే అయింది. ఆ ఏటి ఆగస్టు, 1901 నుంచి చూసుకుంటే దేశం మొత్తం మీద అన్నిటికన్నా పొడి ఆగస్టు. అప్పుడు వచ్చిన మిషనతను (వేరే ఊరు) కళ్లం గట్టున కూర్చుని గడియారం చూసుకున్నాడే గానీ బస్తాల వైపు చూడలేదు.

గంట లెక్కలో కరువంతా రైతు నెత్తినే పడుతుంది. బస్తా లెక్కలో మిషనతనికీ కొంత తగులుతుంది. ఇతనికి నేను మొదటి మార్కు వేసేది ఇందుకే. పండిన ఏడు బస్తాకు 40 ఎక్కువ కట్టాలి కదా అంటాడు మా బావమరిది. కట్టనీ. పండిన ఏడు కట్టడానికి చేతిలో ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూఇటూగా కురిసే జిల్లాలో, అదీ లెక్క ప్రకారం కురవని జిల్లాలో, పండే ఏడు కోసం లెక్కలేసుకుంటే ఎట్లా? పైగా చిరుధాన్యాల్లో కేంద్రం మద్దతు ధర జొన్న, సజ్జ, రాగులకే ఉంది, కొర్రకు లేదు.

మా చిన్నాయన కొడుకు కెనడాలో రెజీనా దగ్గర లారీ నడుపుతాడు. ఫోన్లో ఈ లెక్క చెబితే అక్కడి సంగతి వాడు చెప్పాడు. అమెరికా గోధుమ మైదానాల్లో అద్దె కోత ముఠాలు ఉంటాయి. మే నెలలో టెక్సాస్‌లో మొదలుపెట్టి, పంట పండేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ కెనడా సరిహద్దు దాకా పోతాయి. వాళ్లది ఎకరాకు ఇంత అని రేటు. దిగుబడి ఎకరాకు 20 బుషెళ్లు దాటితే, దాటిన ప్రతి బుషెలుకూ ఇంత అని అదనం, ధాన్యం తోలినందుకు వేరే. గోధుమ బుషెలు 27 కిలోల చిల్లర, అంటే ఐదున్నర క్వింటాళ్ల దాకా ఎకరా రేటుతో సరి. బాగా పండితే మిషనుకూ బాగా వస్తుంది. ఎండితే మాత్రం ఎకరా రేటు కట్టక తప్పదు. 2021 కరువులో కెనడా గోధుమ అంతకు ముందటేడు కన్నా మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. అంత పెద్ద మిషన్లున్న దేశంలో కూడా పచ్చీ ఎండూ కలిసిన పైరు ఉంటే, ముందు కోసి చేనులోనే వరుసలుగా పడేసి, ఆరాక మిషనుతో ఎత్తుకుంటారట. మనం పనలేసి ఆరబెట్టే పనే. నేనూ పనలు బాగా గలగలమనేదాకా ఆగే మిషను పిలిచాను.

పనితనానికొస్తే, కొర్ర గింజ చిన్నది, కరువేట అరగింజ ఎక్కువ. ఫ్యాను గాలి కాస్త ఎక్కువైతే తాలుతో పాటు మంచి గింజా పొట్టు కుప్పలోకి ఎగిరిపోతుంది. మిషను మీదున్న పిల్లోడు మొదటి బస్తా నిండకముందే "అక్కా, చాట ఉందా?" అని మా ఆవిడను అడిగి తీసుకుని, ఫ్యాను మూతి దగ్గర పట్టాడు. చాటలో పడిన పొట్టు అరచేతిలో నలిపి ఊదితే నాలుగైదు నిండు గింజలు మిగిలాయి. మూత రెండు వేళ్ల మందం మూసి మళ్లీ పట్టాడు. చేతిలో పొట్టు తప్ప ఏమీ మిగలనిదాకా అట్లే చేశాడు. గంట లెక్క మిషన్ల దగ్గర ఇంత ఓపిక నేను చూడలేదు. అదే అంటే నవ్వి, "పొట్టులో పోతే నీకూ పాయె, మాకూ పాయె అన్నా" అన్నాడు.

అయితే ఇందులోనే ఒక మెలిక ఉంది. గాలి తగ్గిస్తే గింజ మిగులుతుంది, తాలు కూడా బస్తాలోకే దిగుతుంది. ఆ తాలుకూ మనం 180 కడుతున్నట్టే! నేను తర్వాత మళ్లీ తూర్పార పట్టుకోవాల్సి వచ్చింది. బస్తాలు కంటి కొలతే, తూకం లేదు. చివరి అరబస్తాను బస్తా కిందే రాసుకున్నాడు. గట్టిగా అడిగితే సగం తీసుకున్నాడనుకోండి, అయినా అడిగించుకోవడం ఎందుకు? ఒక కాటా వెంట తెచ్చుకుంటే ఈ రచ్చ ఉండదు. పొద్దున్నే వస్తామన్నవాళ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చారు. పది బస్తాల లోపైతే అసలు రారు. చిన్న రైతులు ఇద్దరు ముగ్గురు ఒకే కళ్లంలో కుప్పలు వేసుకుని పిలవడం మేలు. నలగకుండా బయటికొచ్చిన పచ్చి కంకులు రెండోసారి వేసినందుకు మాత్రం పైసా అడగలేదు.

రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కించుకుంటే ఈ ఖర్చే లేదు కదా అనేవాళ్లకు: కొర్రల్లో కలిసిన రాళ్లు ఏరి చూడండి ఒకసారి.

కొర్రకు, సామకు పిలవండి. జొన్నకు పిలిచేముందు కంకులు కోసి వేరు చేసుకోండి. కర్రతో సహా వేస్తే చొప్ప ముక్కలైపోతుంది.