పాత బోర్డులో కొత్త ప్రాసెసర్: రైజెన్ 7 5700ఎక్స్3డీ, దానికి చాలిన కూలర్

ఆరేళ్లుగా నేను వాడుతున్న డెస్క్‌టాప్‌లో ఏఎండీ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, డీడీఆర్4 ర్యామ్ ఉండేవి. మధ్యలో గ్రాఫిక్స్ కార్డును ఒకసారి మార్చాను గానీ, దాని శక్తి పూర్తిగా చేతికి అందలేదు. ఆట నడుస్తున్నంతసేపూ తెర మూలన కార్డు వినియోగాన్ని చూపే అంకె 60 శాతం దగ్గరే ఊగిసలాడుతూ ఉండేది. కార్డు అలా ఖాళీగా ఎదురుచూస్తోందంటే, దానికి పని అందించవలసిన ప్రాసెసర్ వెనకబడుతోందని అర్థం. ఇదే అంకె 95 దాటి నిలకడగా ఉంటే మాత్రం ప్రాసెసర్ మార్చినందువల్ల ఒరిగేదేమీ లేదు. 4కే రిజల్యూషన్‌లో ఆడేవారిలో చాలామంది పరిస్థితి అదే. కొత్త ప్రాసెసర్ కోసం వెతకడం మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం ఈ పరీక్షకు కేటాయించడం మంచిది.

మార్చక తప్పదని తేలాక, బోర్డుతో సహా మార్చాలా, ప్రాసెసర్ ఒక్కటే మార్చాలా అన్న ప్రశ్న వచ్చింది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, డీడీఆర్5 ర్యామ్‌తో మాత్రమే పనిచేస్తుంది కనుక, అటు వెళ్తే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ కొత్తవే కొనాలి. నా బోర్డులో ఉన్న పాత సాకెట్ ఏఎం4లోనే ఉండిపోతే మారేది ప్రాసెసర్, అవసరమైతే దాని వేడిని లాగేసే కూలర్, అంతే. 2017లో తొలి రైజెన్‌లు కూర్చున్న సాకెట్‌లోనే కూర్చునే కొత్త ప్రాసెసర్ 2024 జనవరిలో కూడా విడుదల కావడం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అరుదైన సంగతి. ఆ అవకాశాన్ని వదులుకోవడానికి నాకు కారణం కనిపించలేదు.

ఆ దారిలో నేను తూచి చూసినవి మూడు రైజెన్ ప్రాసెసర్లు. 5700ఎక్స్‌లో 8 కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 16 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఉన్నాయి, వేగం 4.6 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది, టీడీపీ, అంటే కూలర్ ఎంపికకు తయారీదారు చెప్పే వేడి లెక్క, 65 వాట్లు. 5900ఎక్స్‌లో కోర్లు 12, టీడీపీ 105 వాట్లు. 5700ఎక్స్3డీలో మళ్లీ 8 కోర్లే. పైగా దాని వేగం 4.1 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. కోర్లు, వేగం మాత్రమే చూసి కొనేవారికి ఈ మూడోది అసలు ఆనదు. దాని బలమంతా ఎల్3 క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో ఉంది: 5700ఎక్స్‌లో అది 32 ఎంబీ అయితే దీనిలో 96 ఎంబీ. నా పాత 2600లో ఉన్నదల్లా 16, అదీ ఎనిమిదేసి చొప్పున రెండు ముక్కలుగా.

క్యాష్ అంటే గుమాస్తా బల్ల లాంటిది, ర్యామ్ పక్క గదిలోని బీరువా లాంటిది. కావలసిన కాగితం బల్ల మీద లేకపోతే ఎంత చురుకైన గుమాస్తా అయినా లేచి వెళ్లి తెచ్చుకోవలసిందే, ఆ నడకలో అతని చురుకుదనం అక్కరకు రాదు. ఆటల్లో, ముఖ్యంగా విమాన సిమ్యులేటర్లలోను, వేల వస్తువుల స్థితిని ప్రతి క్షణం లెక్కగట్టే వ్యూహ క్రీడల్లోను, ప్రాసెసర్ కాలంలో చాలా భాగం ఈ నడకకే పోతుంది. బల్ల మూడింతలు కావడం అక్కడ అర గిగాహెర్ట్జ్ వేగం కంటే ఎక్కువ పనికొస్తుంది. వీడియో ఎన్‌కోడింగ్, 3డీ రెండరింగ్ లాంటి పనుల్లో డేటా వరసగా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి పెద్ద క్యాష్ వల్ల అంత లాభం లేదు. అక్కడ 5700ఎక్స్ దీనికంటే వేగంగా ముగిస్తుంది, 5900ఎక్స్ రెండింటినీ దాటిపోతుంది. రోజంతా వీడియోలు కూర్చేవారు ఎక్స్3డీ అన్న పేరు చూసి మోజుపడితే తమ పనికి తామే అడ్డం పడినట్టు. నా వాడకం ఆటలకే ఎక్కువ కనుక మూడోదాన్ని తీసుకున్నాను.

కొత్త ప్రాసెసర్ పెట్టె విప్పకముందే చేయవలసిన పని బయోస్‌ను, అంటే యంత్రాన్ని మేలుకొలిపే బోర్డులోని సాఫ్ట్‌వేర్‌ను, తాజా రూపానికి మార్చడం. పాత బయోస్‌కు కొత్త ప్రాసెసర్ ఎవరో తెలియదు, యంత్రం మేలుకోదు, కాబట్టి పాత ప్రాసెసర్ సాకెట్‌లో ఉండగానే ఈ పని ముగించాలి. బోర్డు తయారీదారు ఇచ్చిన ఫైలును ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బయోస్ లోపలి నుంచే అప్‌డేట్ నడపడం క్షేమం. కొన్ని బోర్డుల్లో బయోస్ చిప్ చిన్నది కావడంవల్ల కొత్త ఫైలులో పాత ప్రాసెసర్లకు చోటు తీసివేస్తారు. ఆ సంగతి డౌన్‌లోడ్ పేజీలో చిన్న అక్షరాలతో ఉంటుంది గనుక ముందే చదువుకోవాలి. నా బోర్డుకు ఇది పది నిమిషాల పని అయింది.

పాత ప్రాసెసర్‌ను ఊడదీయడంలో మాత్రం నేను తప్పు చేశాను. ఏఎం4 ప్రాసెసర్ల అడుగున 1331 పిన్నులుంటాయి. సాకెట్ వాటిని పక్కలనుంచి పట్టుకుంటుందే తప్ప, ఇంటెల్ సాకెట్లలో లాగా పైనుంచి ఇనుప చట్రమేదీ ప్రాసెసర్‌ను అదిమి ఉంచదు. ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడి అందేలా మధ్యలో పూసే థర్మల్ పేస్ట్ ఆరేళ్లు ఎండి జిగురులా బిగుసుకుంది. నాలుగు స్క్రూలు విప్పి కూలర్‌ను నిట్టనిలువునా లాగేసరికి, సాకెట్‌ను బిగించే లివర్ వేసి ఉండగానే ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని ఊడి వచ్చింది. ఆ క్షణంలో వినిపించిన చిన్న చప్పుడు వర్ణించదగినది కాదు. మూలన మూడు పిన్నులు ఒరిగిపోయాయి. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనను ఒక్కొక్క పిన్నుకు తొడిగి, దీపం ఎదుట వరస సరిగ్గా కనిపించేదాకా నెమ్మదిగా నిలబెట్టాను. చేయవలసిన పద్ధతి వేరు: యంత్రాన్ని ఇరవై నిమిషాలు బరువైన పనిలో పెట్టి, ఆపి, పేస్ట్ వెచ్చగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ మెలితిప్పి, జారుతోందని చేతికి తెలిశాకే పైకి తీయాలి. వాడిన ఏఎం4 ప్రాసెసర్ కొనేవారు కూడా దాన్ని తిరగేసి పిన్నుల వరసలను వాలు వెలుతురులో చూసుకోవడం అవసరం.

ఇక కూలర్. 5700ఎక్స్3డీ పెట్టెలో కూలర్ రాదు. కుతూహలం కొద్దీ మొదట 2600తో వచ్చిన చిన్న కూలర్‌నే తుడిచి బిగించాను. అది 65 వాట్ల ప్రాసెసర్ల కోసం చేసినది. అన్ని కోర్లకూ పని పెట్టగానే ఉష్ణోగ్రత ఈ ప్రాసెసర్ గరిష్ఠ హద్దయిన 90 డిగ్రీలను తాకి అక్కడే నిలిచింది, కోర్ల వేగం తగ్గడం మొదలైంది. ఆ అంకె చూసి వేడిని ద్రవంతో మోసి 360 మి.మీ. రేడియేటర్‌లో వదిలే లిక్విడ్ కూలర్ కోసం వెతకడం మొదలుపెట్టాను. అదృష్టవశాత్తు పక్కనే ఉన్న రెండో అంకె మీదికి చూపు పోయింది: అంత వేడెక్కినా ప్రాసెసర్ తీసుకుంటున్న విద్యుత్తు 90 వాట్లు కూడా లేదు.

ఉష్ణోగ్రత వేరు, వేడి వేరు. డిగ్రీలు చెప్పేది చిప్‌లో ఒక చోటు ఎంత కాగిందో. వాట్లు చెప్పేది ప్రతి సెకనుకూ ఎంత వేడిని బయటికి తరలించాలో. కూలర్ మోసేది ఈ రెండోదాన్ని. ఈ ప్రాసెసర్‌లో అదనపు 64 ఎంబీ క్యాష్‌ను విడి సిలికాన్ పలకగా చేసి కోర్లున్న చిప్ మీద పేర్చారు. ఎత్తు సమం కావడానికి కోర్ల మీద కూడా వట్టి సిలికాన్ ముక్కలు అమర్చారు. కోర్లలో పుట్టిన వేడి ఈ పై అంతస్తును దాటి, లోహపు మూతను దాటి, పేస్ట్‌ను దాటితే గాని కూలర్ చెంతకు చేరదు. ఇరుకు లోపల ఉంది. బయట ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా లోపలి ఇరుకు వెడల్పు కాదు. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో ఏఎండీ ఆ క్యాష్ పలకను కోర్ల కిందికి మార్చింది. దాని వేగం 5.2 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లగలగడానికి అదొక ముఖ్య కారణం. ఇంటెల్ కోర్ ఐ9-14900కే వంటి ప్రాసెసర్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని గరిష్ఠ టర్బో విద్యుత్తు 253 వాట్లు, అక్కడ తరలించవలసిన వేడే ఎక్కువ కనుక పెద్ద రేడియేటర్ నిజంగా అక్కరకొస్తుంది.

అందుచేత నేను తీసుకున్నది థర్మల్‌రైట్ పీర్లెస్ అసాసిన్ 120 ఎస్ఈ అనే ఎయిర్ కూలర్. ఆరు హీట్ పైపులు, రెండు రేకుల గోపురాలు, రెండు 120 మి.మీ. ఫ్యాన్లు, 155 మి.మీ. ఎత్తు. హీట్ పైపు చూడటానికి గట్టి రాగి కడ్డీలా ఉంటుంది గాని లోపల బోలు. అతి తక్కువ పీడనంలో కొద్దిపాటి నీరు ఉంటుంది. అది అడుగున ఆవిరై, పైన రేకుల దగ్గర చల్లబడి, లోపలి గోడల సన్నని పొర వెంట మళ్లీ కిందికి పాకుతుంది. దీనిలో కదిలే భాగం ఫ్యాన్ ఒక్కటే, అది పాడైతే ఇంకోటి తగిలించుకోవచ్చు. లిక్విడ్ కూలర్‌లో పంపు కూడా తిరుగుతుంది, గొట్టాల గుండా ద్రవం ఏళ్ల తరబడి సూక్ష్మంగా తగ్గుతూ వస్తుంది. 90 వాట్ల కోసం ఆ బాధ్యత నెత్తిన పెట్టుకోవడం నాకు సబబుగా తోచలేదు.

కొనేముందు క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను ఇముడ్చుకుంటుందో, ర్యామ్ ఎంత ఎత్తుందో చూసుకోవాలి. నా ర్యామ్‌కు అలంకారంగా పొడవాటి రేకులుండడంవల్ల ముందు ఫ్యాన్‌ను కాస్త పైకి జరపవలసి వచ్చింది; క్యాబినెట్ పక్క తలుపుకు, ఫ్యాన్‌కు మధ్య ఇప్పుడు వేలు పట్టేంత సందు మాత్రమే మిగిలింది. ఇంకో మాట: కూలర్ స్క్రూలు విప్పగానే బోర్డు వెనక ఉన్న ఇనుప పట్టీ జారి పడిపోతుంది. కొత్త కూలర్‌కూ అదే పట్టీ కావాలి కనుక బోర్డును పడుకోబెట్టి పని చేసుకోవాలి.

బిగించాక మిగిలిన చిరాకు ఫ్యాన్ల మోత. ఒక వెబ్ పేజీ తెరిచినా చాలు, ఈ ప్రాసెసర్ సెకను వ్యవధిలో పది డిగ్రీలు ఎగబాకి, అంతే వేగంగా దిగుతుంది. దాన్ని వెంబడిస్తూ ఫ్యాన్లు ఆయాసపడినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బయోస్‌లో ఫ్యాన్ స్పందనకు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టి, 70 డిగ్రీల వరకు వేగం మారకుండా సమంగా ఉంచితే ఆ గోల పోయింది. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే పెరగనివ్వవచ్చు, 90 లోపు అది ప్రాసెసర్‌కు చేటు చేయదు.

ఇప్పుడు అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు 80కి కాస్త అటూ ఇటూగా, ఆటల్లో 70 లోపు ఉంటోంది. తెర మూలన గ్రాఫిక్స్ కార్డు అంకె 60 నుంచి 97కు చేరింది. జనసమ్మర్దం ఉన్న దృశ్యాల్లో బొమ్మ తడబడి ఆగడం, నన్ను అన్నిటికంటే విసిగించినది, దాదాపు పోయింది. వీడియో ఎగుమతిలో మాత్రం నేను ఊహించినంత తేడా లేదు. 2600తో పోలిస్తే వేగమే గాని, 5700ఎక్స్ తీసుకుని ఉంటే అది ఇంకా త్వరగా ముగిసేదని ప్రతి ఎగుమతికీ గుర్తుకొస్తూనే ఉంది.