వైరు సూది పట్టాక జత సూదులు మూలపడ్డాయి

ఒడిశాలో కోరాపుట్, సునాబెడా, సిమిలిగుడా వైపు ఉండేవాళ్ళకి స్వెట్టర్ అంటే ఏదో ఫ్యాషన్ కాదండీ, దగ్గర దగ్గర 900 మీటర్ల ఎత్తు మీద ఉంటాం, డిసెంబర్ వచ్చిందంటే పొద్దున్నే పాలపేకెట్ కోసం గేటు దాకా వెళ్ళాలన్నా మంకీ క్యాప్ ఉండాల్సిందే. అందుకే మా టౌన్‌షిప్‌లో తెలుగోళ్ళు, ఒడియావాళ్ళు అని లేదు, సాయంత్రమైతే ఎవరో ఒకరి ఒళ్ళో ఊలు ఉండ ఉంటాది. కాకపోతే అందరివీ జత సూదులే, అంటే విడివిడిగా ఉండే రెండు పొడుగు అల్లిక సూదులు. నేను ఈమధ్య సర్క్యులర్ సూది తెప్పించాను, అంటే రెండు పొట్టి సూదులు, మధ్యలో మెత్తటి ప్లాస్టిక్ వైరు, అంతే వస్తువు. అది చూసి మా వదిన ఎలా ఉంది ఎలా ఉంది అని ఒకటే ఫోన్లు, సరే అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాసేస్తున్నా.

నేను తీసుకున్నది నిట్‌ప్రో సింఫనీ, రంగురంగుల చెక్క సూది, 4 మిల్లీమీటర్ల లావు, 80 సెంటీమీటర్ల పొడుగు. మన దేశంలో తయారయ్యేదే. మామూలు అల్యూమినియం దాని కంటే రేటు ఎక్కువే గానీ చెక్క కాబట్టి చలిలో చేతికి జిల్లుమనదు, కుట్లు జారిపోవు. స్పీడ్ కావాలంటే మెటల్ మంచిది, నాకు స్పీడ్ అక్కర్లేదు.

అసలు సుఖం ఎక్కడుందంటే ఉల్టా కుట్టు, అంటే బట్ట వెనక వైపు నుంచి వేసే కుట్టు, లేకపోవడంలో! జత సూదులతో ఒక వరస సీదా, అంటే మంచి వైపు నుంచి వేసే మామూలు కుట్టు, అల్లి తిప్పి, రెండో వరస ఉల్టా అల్లాలి కదా, అప్పుడే ప్లెయిన్ బట్ట వస్తుంది, వైరు సూదితో గొట్టంలా రౌండ్‌గా అల్లితే తిప్పడమే ఉండదు, మంచి వైపు ఎప్పుడూ మన మొహానికే ఉంటాది కాబట్టి సీదా, సీదా, సీదా, ఇంక అంతే. చాలామందికి ఉల్టా వరస కొంచెం వదులుగా పడి బట్ట మీద గీతలు గీతలుగా కనిపిస్తుంది, ఇందులో ఆ గొడవే లేదు. రెండు రంగుల డిజైన్ వేసేవాళ్ళకైతే పండగే, పువ్వు సరిగా పడుతోందా లేదా అల్లుతూనే కనిపిస్తుంది, వెనక నుంచి లెక్కెట్టుకోనక్కర్లేదు. గానుగెద్దులా తిరుగుతున్నావేటి అంటే మామూలుగా తిట్టు, ఇక్కడ మాత్రం ఆ తిరగడమే హాయి. సీరియల్ చూస్తూ, పిల్లాడికి ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటూ, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

పక్కలు కుట్టే పని కూడా లేదు. ముందు ముక్క, వెనక ముక్క అల్లి, వాటిని కలిపి కుట్టడమంటే బద్ధకమేసి సంచిలో పడేసిన స్వెట్టర్లు ఎన్ని ఇళ్ళల్లో లేవు చెప్పండి! మా పక్కింటి అపా (ఒడియాలో అక్క) నా స్వెట్టర్ తిరగేసి మరగేసి చూసి "జాయింటు ఏదీ?" అంది, లేదు అపా అంటే నమ్మదే.

ఇంకోటి, బరువు. పెద్దవాళ్ళ స్వెట్టర్ సగం అయ్యేసరికి జత సూదులైతే ఆ బరువంతా మణికట్టు మీద పడుతుంది, ఇదైతే బట్ట వైరు మీద కూర్చుని ఒళ్ళోకి దిగిపోతుంది. విశాఖ నుంచి కిరండూల్ బండిలో వచ్చేటప్పుడు చూడాలి దీని సుఖం, పక్కవాళ్ళకి మోచెయ్యి తగలదు, సూది జారి సీటు కిందకి పోదు, అరకు దగ్గర సొరంగాల్లో లైటు లేకపోయినా సీదా కుట్టే కదా, వేళ్ళకి తెలిసిపోతుంది.

ఇదేదో నిన్నా మొన్నా వచ్చిందనుకోకండి, అమెరికాలో మొదటి పేటెంట్ 1918లోనే ఇచ్చారట. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ అని ఒకావిడ రౌండ్ స్వెట్టర్‌కి శాతాల లెక్క చెప్పింది, భలే సులువు. ఛాతీ 36 అంగుళాలు, అంగుళానికి 5 కుట్లు అయితే మొత్తం 180, అదే వంద శాతం. మణికట్టుకి అందులో 20 శాతం, అంటే 36 కుట్లు, మెడకి 40 శాతం, అంటే 72. ఇంక ప్యాటర్న్ కాగితం ఎందుకు? పిల్లలకైతే నేను మెడ దగ్గర మొదలెట్టి కిందకి అల్లమంటాను, మధ్యలో తొడిగి చూసుకోవచ్చు, వచ్చే చలికాలానికి పొడుగు పెరిగితే కింద అంచు విప్పి ఇంకో నాలుగు అంగుళాలు కలిపేయొచ్చు.

జాగ్రత్తలు లేకపోలేదు. మొదటి రౌండ్ కలిపేటప్పుడు కుట్లన్నీ ఒకే వైపుకి ఉన్నాయా, మెలి పడిందా చూసుకోవాలి, మెలి పడితే తర్వాత ఏం చేసినా సరికాదు, విప్పడమే. రౌండ్ ఎక్కడ మొదలైందో తెలియడానికి వేరే రంగు దారం ముక్క ఒకటి తగిలించండి. కొత్త వైరు చుట్టలు చుట్టుకుని సతాయిస్తే వేడినీళ్ళలో కాసేపు ముంచి, లాగి ఆరబెడితే దారికొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం సూదికీ వైరుకీ అతుకు. చవగ్గా దొరికిన పేరులేని సూది ఒకటి నా దగ్గరుంది, ప్రతి రౌండ్‌లో కుట్లు ఆ అతుకు దగ్గర ఆగిపోయి, ఊలు పీచు లేచిపోయి, చివరికి దాన్ని కిటికీ కర్టెన్‌కి వాడాను, నిజంగా! నిట్‌ప్రోకి ఆ అతుకు నున్నగా ఉంటుంది, కుట్లు జర్రున దాటిపోతాయి, డబ్బులు ఎక్కువ పెట్టేది దానికే.

నంబర్ల దగ్గర కూడా మోసపోవద్దు. మన షాపుల్లో 8 నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా ప్యాటర్న్‌లో 8 అంటే 5 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లే చూడండి.

మా కోరాపుట్ జిల్లా జయపూర్ మెయిన్ రోడ్డులో ఊలు షాపులు తిరిగితే జత సూదులే చూపించారు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. పొడుగు విషయం ఏటంటే, వైరు మనం అల్లే గుండ్రం కంటే పొడుగు ఉండకూడదు, కుట్లు సాగిపోతాయి. పెద్దవాళ్ళ స్వెట్టర్‌కి 80 చాలు, వైరు బాగా మెత్తగా ఉంటే మిగిలిపోయిన వైరుని కుట్ల మధ్యలోంచి లూప్‌లాగ బయటికి లాగి చేతులు కూడా దాంతోనే అల్లేయొచ్చు. టోపీలే అల్లేవాళ్ళు 40 తీసుకోండి, పైన కుట్లు తగ్గించేటప్పుడు అది కూడా పెద్దదైపోతుంది, అప్పుడు ఈ 80తో లూప్ లాగి ముగించేయడమే. వదినా, నువ్వు మాత్రం రెండూ తెప్పించు, అన్నయ్య టోపీ ఎలాగూ నీ మీదే పడుద్ది.