ఎండు వకామె ప్యాకెట్: కూరకి ఓకే, మోకాళ్ళ నొప్పికి మాత్రం నమ్ముకోకండి

కొరియన్ సరుకులు అమ్మే ఒక ఆన్‌లైన్ షాప్‌లో 50 గ్రాముల ఎండు వకామె, అంటే వంటల్లో వాడే ఒక రకం సముద్రపు నాచు, తెప్పించాను, మూడొందల పైచిలుకు పడింది. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, సముద్రపు నాచు తింటే వాపులు మాయమైపోతాయని వాట్సాప్‌లో ఎవరో పంపారు, ఇంకేముంది, తెప్పించమ్మా అన్నారు.

సరుకు బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. నల్లగా ముడుచుకుపోయిన ముక్కలు, కవర్ విప్పగానే కొంచెం నీచు వాసన, చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, కానీ గుప్పెడు వేసేయకండి బాబూ, ఒక్క చెంచా చన్నీళ్ళలో వేసి ఐదు నిమిషాలు ఆగితే ఇంచుమించు పది రెట్లు బరువెక్కుతుంది. ఇసుక రాలేదు. ఉప్పు బాగా ఉంది, ఆ నీళ్ళు పారబోసి ఇంకోసారి కడగాలి. నోట్లో పెడితే ఉడికిన బచ్చలాకులా జారుతుంది. నేను పెరుగు పచ్చడి చేశాను, ఉప్పు వేయకుండా, నువ్వుల నూనెలో ఆవాలు ఎండుమిర్చి ఇంగువ తాలింపు పెట్టి, భలే కుదిరింది. మామయ్యగారు ఒక ముద్ద తిని గిన్నె పక్కకి జరిపారు, అది వేరే కథ.

తాలింపు రుచికే కాదు. ఈ నాచుకి గోధుమ రంగు ఇచ్చే ఫ్యూకోజాంతిన్ కొవ్వులో కరుగుతుంది, నూనె ఉంటేనే సరిగ్గా ఒంటబడుతుంది. ఈ నాచులో ఉండే రెండో పదార్థం ఫ్యూకోయిడాన్, ఒక రకం జిగురు, అందరూ ఊదరగొట్టేది దీని గురించే, స్వీడన్ శాస్త్రవేత్త ఒకాయన 1913లోనే దీన్ని నాచు నుంచి వేరు చేశాడు. ల్యాబ్‌లో కణాల మీద, ఎలుకల మీద ఒంట్లో వాపుని ఎగదోసే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి ప్రోటీన్లని తగ్గించినట్టు చాలా పరిశోధనలున్నాయి, అది నిజమే, కాకపోతే అక్కడ వాడింది శుద్ధి చేసి తీసిన ఎక్స్‌ట్రాక్ట్, మన పెరుగు పచ్చడి కాదు కదా. పైగా అది చాలా పెద్ద అణువు, పేగు దాటి రక్తంలోకి వెళ్ళేది కొంచెమే. మోకాళ్ళు, తుంటి కీళ్ళు అరిగిన వాళ్ళకి రోజుకి 300 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ 12 వారాలు ఇచ్చి చూసిన ఒక ఆస్ట్రేలియా ట్రయల్ 2016లో వచ్చింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్ళకీ వీళ్ళకీ తేడా రాలేదు. కొరియాలో బాలింతలకి ఈ నాచు సూప్ పెడతారు, పుట్టినరోజున కూడా తాగుతారు, అలా తిండిలాగా తింటే బానే ఉంటుంది.

నా కోపం అంతా ప్యాకెట్ మీద ఇక్కడ అతికించిన స్టిక్కర్ మీద. జాయింట్ పెయిన్స్‌కి ఉపశమనం అని ఇంత లావు అక్షరాలు, అయోడిన్ ఎంతుందో మాత్రం ఎక్కడా లేదు. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములు, వకామె అయితే ఒకటి రెండు గ్రాములతోనే అది వచ్చేయొచ్చు, అదే కొంబు అనే ఇంకో రకం నాచు అయితే ఒక్క గ్రాములోనే వెయ్యి, రెండు వేలు కూడా ఉండొచ్చు, అమెరికా వాళ్ళు పెట్టిన గరిష్ఠ పరిమితే రోజుకి 1100. అత్తయ్యగారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు కాబట్టి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగాను, "నేచురల్ ప్రోడక్ట్ మేడం, నో సైడ్ ఎఫెక్ట్స్" అంది ఆ అమ్మాయి. సముద్రం నుంచి వచ్చింది కాబట్టి నేచురలే, అయితే ఏంటి? డాక్టర్‌ని అడిగితే వద్దన్నారు, ఆవిడకి పెట్టలేదు, ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాం. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు కూడా అడక్కుండా తినకండి, ఇందులో విటమిన్ కె ఎక్కువ, అది ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. అదే షాప్‌లో హిజికి అని ఇంకో నల్ల నాచు కూడా కనిపించింది, అందులో ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ వాళ్ళు తినొద్దనే చెప్తారు, దాని జోలికి పోకండి.

సరుక్కి 4 స్టార్లు, స్టిక్కర్‌కి సున్నా. కొంటే చిన్న ప్యాకెట్ చాలు, వానాకాలంలో తేమ లాగేస్తుంది, మూత గట్టిగా పట్టే సీసాలో పోసుకోండి.