న్యూబార్న్ డైపర్లు కొంటున్నారా? బొడ్డు ఊడేదాకా ప్యాకెట్ మీద బొమ్మని నమ్మకండి

ఇంట్లో కాన్పు దగ్గరపడ్డవాళ్లు డైపర్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నేను ఆఫర్ చూసి తొందరపడ్డాను. డబ్బు పోతే పోయింది, ఐదు రోజుల పిల్లాడి బొడ్డు దగ్గర రక్తం చూసిన రాత్రి మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

మా ఆవిడకి ఎనిమిదో నెల ఉండగా ఆన్‌లైన్‌లో 144 డైపర్ల కాంబో కొన్నాను, ధర 1,150 రూపాయలు. న్యూబార్న్ సైజు, 5 కిలోల వరకు అని ఉంది. ఫొటోలో డైపర్ ముందు వైపు, నడుం దగ్గర నెలవంకలా చిన్న కోత. బొడ్డుకి తగలకుండా ప్రత్యేకమైన కట్ అని పక్కనే పెద్ద అక్షరాలు. ఆ కోత చూసే కొన్నాను. ప్యాకెట్లు వచ్చాక విప్పకుండా బీరువా మీద పెట్టేశాం. పుట్టకముందే పిల్లల సామాను విప్పకూడదని మా అమ్మ పట్టు. విప్పేసరికి రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయింది.

బాబు 2.7 కిలోలు పుట్టాడు. ఆస్పత్రిలో నర్సమ్మ టేపు డైపర్ వేసేటప్పుడు ముందు అంచుని బొడ్డు కిందికి మడిచి అంటించేది. సైజు పెద్దదై మడుస్తోందనుకున్నాను. అడిగుంటే అప్పుడే తెలిసేది.

నాలుగో రోజు తెనాలిలో మా అత్తగారింటికి వచ్చి మొదటి ప్యాకెట్ విప్పాం. లోపలున్నవి నిక్కరులా కాళ్ల నుంచి ఎక్కించే ప్యాంట్ డైపర్లు. కోత లేదు, దాని ఊసే లేదు. అప్పుడే పుట్టిన పిల్లలకి తొడల మడతకీ బొడ్డుకీ మధ్య నాలుగు వేళ్ల జాగా కూడా ఉండదు. నడుం చుట్టూ ఉండే ఎలాస్టిక్ సరిగ్గా బొడ్డు మీదే కూర్చుంది. టేపు డైపర్ అయితే మడవచ్చు. దీన్ని కిందికి మడిస్తే ఎలాస్టిక్ చుట్టుకుపోయి, రెండు నిమిషాల్లో మళ్లీ పైకొచ్చేది. ఒక్క రాత్రేగా అని వేశాం.

బొడ్డుకి ఆస్పత్రిలో పెట్టిన ప్లాస్టిక్ క్లిప్పు ఇంకా అలాగే ఉంది. రాత్రి రెండింటికి తడిసిన డైపర్ తీద్దామని కిందికి లాగాను. ప్యాంట్ డైపర్‌ని లాగకూడదు, రెండు పక్కలా చింపి తీయాలి. ఆ సంగతి నాకు తెలీదు. క్లిప్పు ఎలాస్టిక్‌లో ఇరుక్కుంది. వాడు కెవ్వుమన్నాడు. డైపర్ తెల్లటి అంచు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. బొడ్డు మొదట్లో ఇంకో రెండు చుక్కలు ఊరాయి. మా ఆవిడ ఏడుపు, వాడి ఏడుపు, నా చేతులు వణకడం... తెల్లారేదాకా ఎవరం పడుకోలేదు.

పొద్దున్నే పిల్లల డాక్టర్ గారి దగ్గరికి పరిగెత్తాం. ఆమె చూసి, లాగినప్పుడు ఒకటి రెండు చుక్కలు రావడం మామూలే, శుభ్రమైన గాజుగుడ్డతో కాసేపు అదిమితే ఆగాలి, ఆగకపోతేనే భయపడాలి అన్నారు. ఆమెకి నచ్చనిది ఇంకొకటి. బొడ్డు తాడు ముక్క ఎండిన మిరపకాయ తొడిమలా ఉండాల్సింది, మావాడిది అడుగున మెత్తగా, తడిగా ఉంది. "డైపర్ పైకి వేశారా అమ్మా?" అని మా ఆవిణ్ణి అడిగారు. ఆ ముక్కకి గాలి తగిలితేనే ఎండుతుందట, ఎండితేనే ఊడుతుందట. మూత్రంతో తడిసిన డైపర్ కింద దాచేస్తే ఎండేది ఎలా? మామూలుగా ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. మూడు వారాలు దాటినా ఊడకపోతే చూపించమన్నారు. ఊడేదాకా తొట్టి స్నానం వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలన్నారు. మగపిల్లాడైతే డైపర్ వేసేటప్పుడు మూత్రం వచ్చే భాగాన్ని కిందికి ఉంచాలి, లేకపోతే ధార పైకి వచ్చి నేరుగా బొడ్డునే తడుపుతుంది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు.

బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పాకుతున్నా, చీము కారినా, చెడు వాసన వచ్చినా, ఒళ్లు వేడెక్కినా, పిల్లాడు పాలు తాగకుండా మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అంత చిన్న పిల్లల్లో బొడ్డు ఇన్ఫెక్షన్ చాలా త్వరగా ఒళ్లంతా పాకుతుంది.

ఇంటికొచ్చాక మా అత్తయ్య పాత నూలు చీర చింపి లంగోటీలు చేసింది. "మేం బొడ్డు కిందే కట్టేవాళ్లం అల్లుడుగారూ, మీ కొత్త సంచుల సంగతి మాకు తెలీదు" అంది. ఈ విషయంలో ఆమెదే రైటు. కాకపోతే ఆ వెంటనే పసుపు, ఆముదం గిన్నె కూడా తెచ్చింది! డాక్టర్ గారు ముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఆపగలిగాం. ఆస్పత్రిలో పుట్టిన పిల్లలకి బొడ్డు శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు, ఏమీ రాయక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. పౌడర్ కూడా వద్దు. డైపర్లు కొన్న నాకు అదే యాప్ ఇప్పుడు బొడ్డు బెల్టులు చూపిస్తోంది. బిగించి కడితే చెమట పట్టి ఇంకా తడి చేస్తాయి, వాటి జోలికీ పోకండి.

అమ్మినవాడితో గొడవ సంగతి క్లుప్తంగా చెప్తాను. మొదట గడువు దాటిందన్నాడు, తర్వాత ఇవి వాపసు తీసుకోని వస్తువులన్నాడు. చివరికి ఫొటో నమూనా మాత్రమే అన్నాడు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాడు వాపసు తీసుకోనని అనడానికి వీల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తర్వాత విప్పని ప్యాకెట్ డబ్బు మాత్రం వెనక్కిచ్చాడు. ఆర్డర్ పెట్టేటప్పుడే ఆ పేజీకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసేసరికి ఆ కోత ఫొటో పేజీలోంచి మాయమైంది, పాత వాట్సాప్‌లో మా ఆవిడకి పంపిన ఫొటో ఉండబట్టి బతికిపోయాను.

కంపెనీ పేరు రాయను, తర్వాత షాపుల్లో చూస్తే ఇలాంటి ప్యాకెట్లు ఇంకా కనిపించాయి. మొదటి నెలకి చిన్న ప్యాకెట్ ఒక్కటి, అదీ టేపు రకం కొనండి. పుట్టకముందే అయినా సరే, ఒకటి విప్పి చూడండి. పెద్దవాళ్లు కోప్పడితే నా పేరు చెప్పండి. కోత ఉన్నా మోసపోవచ్చు: సన్నగా ఉన్న పిల్లలకి కోత బొడ్డుకి పైన పడి, అంచు మళ్లీ బొడ్డు మీదికే వస్తుంది. అందుకే కోత ఉందా లేదా అన్నదానికంటే, డైపర్ ముందువైపు అంచు మడిస్తే నిలుస్తుందా అన్నది చూసుకోండి. రెండు మూడు గంటలకోసారి మార్చండి.

పన్నెండో రోజు లంగోటీ విప్పుతుంటే నల్లటి చిన్న పుల్లముక్కలాంటిది గుడ్డలో పడి ఉంది. అత్తయ్య దాన్ని పసుపు గుడ్డలో మూటకట్టి దాచింది, తాయెత్తులో పెడతారట. పసుపు అక్కడైనా పనికొచ్చింది.

విప్పిన ప్యాకెట్లో ఇంకా అరవైకి పైగా మిగిలాయి. మావాడు 5 కిలోలు దాటేశాడు. తెనాలి చుట్టుపక్కల బొడ్డు ఊడిన చిన్నపిల్లలు ఎవరికైనా ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను. తీసేటప్పుడు మాత్రం లాగకండి, పక్కలా చింపండి.